హీత్ మీద కుక్క, నేల మీద గూడు

ప్రశ్న: మేడమ్, మేం ఇంగ్లండ్‌లో హ్యాంప్‌షైర్‌లో ఉంటాం. మా ఇంటికి పది నిమిషాల దూరంలో కౌన్సిల్‌వారి హీత్ (పొట్టి పొదలు పెరిగే బీడు నేల) ఉంది. నాలుగేళ్లుగా మా లాబ్రడార్‌ని రోజూ అక్కడ వదిలి పరిగెత్తిస్తున్నాం. ఈ ఏడాది మార్చి నుంచి జూలై దాకా లీష్ తీయొద్దని బోర్డు పెట్టారు. ఒక మూలకు తాడు కట్టి అటు రావద్దన్నారు. కౌన్సిల్ స్థలమంటే మా కౌన్సిల్ ట్యాక్స్‌తో నడిచేదే కదా? పిట్టల కోసం మనుషుల్ని ఆపడం న్యాయమేనా?

— ఒక పాఠకుడు

జవాబు: ఎనిమిదేళ్ల కిందట జూన్‌లో నేను చేసిన పొరపాటు ముందు చెప్తాను. ఇలాంటి హీత్ మీదే ఒక సాయంత్రం మా అబ్బాయితో దారి దిగి, హెదర్ అనే పొట్టి పొదల మధ్య చాప పరుచుకుని కూర్చున్నాను. కాళ్ల దగ్గర నుంచి ఎండు బెరడు రంగు పక్షి ఒకటి లేచి, పది అడుగుల దూరంలో పడి, రెక్క ఈడుస్తూ కొట్టుకుంది. వాడు ఏడుపు మొదలుపెట్టాడు. దాన్ని కాపాడదామని ఇద్దరం వెంట పడ్డాం. దగ్గరికెళ్లిన ప్రతిసారీ అది ఇంకొంచెం దూరం జరిగేది.

అక్కడి వాలంటీర్ ఒకాయన వచ్చి, “వచ్చిన దారినే, కాళ్ల కింద చూసుకుంటూ వెనక్కి నడవండి” అన్నారు. మా చాపకు రెండడుగుల దూరంలో, వట్టి నేల మీద, గులకరాళ్లలా రెండు గుడ్లు. పుల్ల లేదు, గడ్డి లేదు. ఆ పక్షి పేరు నైట్‌జార్. నైట్‌జార్ గూడంటే అంతే. రెక్క విరిగినట్టు నటించేది మనల్ని గుడ్లకు దూరంగా తీసుకెళ్లడానికట. మేం “కాపాడిన” ఆ పావుగంటలో గుడ్లు చల్లబడుతున్నాయి, పైన కాకి చూస్తూనే ఉంది. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మరుసటి ఏడాది వసంతంలో నేనూ వాలంటీర్‌గా చేరాను.

ఆ హీత్ గేటు దగ్గర అప్పటికే ఒక బోర్డు ఉండేది, “సున్నిత ప్రాంతం” అని. దాన్ని నేను ఇరవైసార్లు చదివి ఉంటాను. ఏది సున్నితమో, నేనేం చేయాలో దాన్ని చూస్తే తెలిసేది కాదు. మీ కౌన్సిల్ మీద నాకున్న మొదటి ఫిర్యాదు కూడా ఇదే. కారణం చెప్పకుండా “రావద్దు” అని రాస్తే, రోజూ వచ్చేవాళ్లకు అది అవమానంగానే ఉంటుంది.

ఇక మీ హక్కు సంగతి. స్థలం కౌన్సిల్‌ది అయినంత మాత్రాన ఎక్కడైనా తిరిగే హక్కు రాదు. అది పబ్లిక్ ఫుట్‌పాత్ (జనానికి నడిచే హక్కున్న దారి) వల్ల రావచ్చు, కామన్ ల్యాండ్‌గా (ఊరివాళ్లకు పాత హక్కులున్న ఉమ్మడి నేలగా) రిజిస్టరై ఉండటం వల్ల రావచ్చు, 2000 నాటి కంట్రీసైడ్ అండ్ రైట్స్ ఆఫ్ వే చట్టం కింద రావచ్చు. కొన్నిచోట్ల అది కౌన్సిల్ ఇచ్చిన అనుమతి మాత్రమే. మీ హీత్ ఆ 2000 చట్టం కిందికి వస్తే, మార్చి 1 నుంచి జూలై 31 దాకా కుక్కను రెండు మీటర్లకు మించని లీష్‌తో పట్టుకోవాలన్నది మీ కౌన్సిల్ పెట్టిన కొత్త రూలేం కాదు, చట్టంలోనే ఉంది. వేరే రకం స్థలమైతే, కౌన్సిల్ పబ్లిక్ స్పేసెస్ ప్రొటెక్షన్ ఆర్డర్ (బహిరంగ స్థలాల్లో కొన్ని పనులను కట్టడి చేసే ఆదేశం) తెచ్చి ఉండొచ్చు. అలాంటి ఆర్డర్ తెచ్చేముందు జనాన్ని సంప్రదించాలి, మూడేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఏ అధికారంతో బోర్డు పెట్టారో రాతపూర్వకంగా అడగండి. అడగడం మీ హక్కు.

తాడు కట్టిన మూల గురించి కూడా అడగండి. అది ఐదు నెలల తాడా, రేపటి శాశ్వత కంచెకు మొదలా? రిజిస్టరైన కామన్ మీద శాశ్వతంగా కంచె వేయాలంటే కౌన్సిల్ సొంతంగా నిర్ణయించుకోలేదు, 2006 కామన్స్ చట్టం కింద పై అనుమతి తెచ్చుకోవాలి. గూళ్ల కాలానికి ఒక మూలను వదిలేయడాన్ని నేను మనసారా సమర్థిస్తాను. ఏడాది పొడవునా హీత్ మొత్తం మూసేస్తామంటే మీతో కలిసి నేనూ ఉత్తరం రాస్తాను. ఆ నేలను ఎవరూ చూడకపోతే దాని కోసం మాట్లాడేవాళ్లూ ఉండరు.

లీష్ విషయంలో మాత్రం మీ పక్షాన మాట్లాడలేను. మీ లాబ్రడార్ ఎంత మంచిదైనా దాని ముక్కు దారి మీద ఆగదు. నైట్‌జార్, వుడ్‌లార్క్ నేల మీదే గుడ్లు పెడతాయి. డార్ట్‌ఫోర్డ్ వార్బ్లర్ గూడు గోర్స్ అనే ముళ్ల పొదల్లో, హెదర్ పొదల్లో కిందే ఉంటుంది. మీ కుక్క ఒక్కసారి లేపినా తల్లి తిరిగి రావచ్చు. ఆ ఉదయం అది పదిహేనో కుక్క అయితే? ఏ ఒక్కరి తప్పూ లేకుండానే గూడు పోతుంది. నేను వాలంటీర్‌గా ఉన్నన్నాళ్లూ ఇదే చూశాను. చెడ్డవాళ్లెవరూ కనబడలేదు. మంచివాళ్లే, చాలామంది, ఒకే చోట.

అందుకే దారి ఎక్కడుంది, కార్ పార్క్ ఎక్కడుంది అన్నది చాలా ముఖ్యం. నాకు తెలిసిన ఒక కౌన్సిల్ చెప్పాపెట్టకుండా ఒక దారికి మొద్దులు అడ్డం వేసింది. నెల తిరక్కుండా పక్కనే హెదర్ తొక్కుకుంటూ రెండు కొత్త దారులు పడ్డాయి. తర్వాత గూళ్లవైపున్న చిన్న కార్ పార్క్ తీసేసి, అవతలి వైపున్నది పెద్దది చేశారు. దాంతో రద్దీ దానంతటదే తగ్గింది.

మీ జిల్లా దగ్గర్లోనే ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. హ్యాంప్‌షైర్, సర్రే, బర్క్‌షైర్‌లలో పరుచుకున్న థేమ్స్ బేసిన్ హీత్స్‌కు 2005లో ఈ మూడు పక్షుల కోసమే ప్రత్యేక రక్షణ ఇచ్చారు. హీత్‌కు 400 మీటర్ల లోపు కొత్త ఇళ్లు కట్టనివ్వరు. 5 కిలోమీటర్ల లోపు కడితే, వచ్చే ప్రతి వెయ్యి మందికి కనీసం 8 హెక్టార్ల వేరే పచ్చని స్థలం చూపించాలి. దాన్ని సాంగ్ (SANG, అంటే హీత్‌కు బదులుగా చూపే ప్రకృతి స్థలం) అంటారు. అక్కడ కుక్కలు స్వేచ్ఛగా తిరగాలి, దారి గుండ్రంగా తిరిగి కారు దగ్గరికే రావాలి. నాకు ఇది నచ్చడానికి కారణం, జనానికి మరోచోటు చూపించాకే ఇక్కడ జాగ్రత్త అడుగుతున్నారు. మీకు దగ్గర్లో అలాంటిది ఉందేమో కౌన్సిల్ ప్లానింగ్ విభాగాన్ని కనుక్కోండి. లేకపోతే మీ ఉత్తరంలో మొదటి డిమాండ్ అదే కావాలి.

ఇంకొక్క మాట, లాబ్రడార్ అన్నారు కాబట్టి. మెడ మీద గోమార్ల మందు చుక్కలు వేశాక దాన్ని హీత్ మడుగులో దిగనివ్వకండి. ఆ మందుల్లో వాడే ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ ఇంగ్లండ్ నదుల్లో విరివిగా కనబడ్డాయని ససెక్స్ యూనివర్సిటీ పరిశోధకులు 2020లో చెప్పారు. నీటి పురుగులకు అవి విషం. తూనీగ పిల్లలు పెరిగేది ఆ మడుగుల్లోనే.

ప్రశ్న: మా అమ్మ వీల్‌చెయిర్‌లో ఉంటుంది. కౌన్సిల్‌వాళ్లు హీత్‌లో ఆవుల్ని వదిలి, ప్రతి దారికీ కిస్సింగ్ గేట్లు (పశువులు దాటలేకుండా, మనుషులు ఒక్కొక్కరుగా మలుపు తిరిగి వెళ్లే గేట్లు) పెట్టారు. చెయిర్ పట్టడం లేదు. ప్రకృతి పేరుతో మమ్మల్ని బయట నిలబెట్టినట్టుంది.

— ఒక పాఠకురాలు, సర్రే

జవాబు: ఆవులు అక్కడ ఉండాలమ్మా. అవి మేయకపోతే బర్చ్, పైన్ మొక్కలు లేచి కొన్నేళ్లలో హీత్ అడవైపోతుంది, హెదర్ చచ్చిపోతుంది. మీ అమ్మగారూ అక్కడ ఉండాలి. ఈ రెండింటికీ గొడవ లేదు, గేటు ఎంపికలోనే తప్పు జరిగింది. దారుల అడ్డాలకు బ్రిటిష్ స్టాండర్డ్ 5709 ఉంది. వీలైతే ఖాళీ వదలాలి, పశువులుంటే మామూలు గేటు పెట్టాలి, అదీ కుదరనప్పుడే కిస్సింగ్ గేటు అంటుంది. వెడల్పుగా తెరుచుకునేలా ర్యాడార్ తాళం (వికలాంగులు తమ దగ్గరుంచుకునే తాళంచెవితో తెరిచేది) పెట్టిన కిస్సింగ్ గేట్లు కూడా దొరుకుతాయి. 2010 ఈక్వాలిటీ చట్టం కింద తగిన మార్పు చేయమని, ఆ స్టాండర్డ్ నంబరు రాసి అడగండి. గేట్లన్నీ ఒకేసారి మార్చమంటే డబ్బుల్లేవంటారు. కార్ పార్క్ దగ్గరి గేటుతో మొదలుపెట్టమనండి.

ఆ గేటు మారాక, మే నెలాఖరులో గాలి లేని ఒక సాయంత్రం, పొద్దుగూకిన అరగంటకు అమ్మగారిని తీసుకెళ్లండి. గట్టి దారి మీదే చెయిర్ ఆపండి. దూరంగా ఎక్కడో రాట్నం ఆగకుండా తిరుగుతున్నట్టు చప్పుడు వినబడితే అది నైట్‌జార్. వినడానికి దారి దిగక్కర్లేదు.