ఢిల్లీలో ఏడు వింతల నమూనాల పార్కు చూడటం దండగా?

సెలవులకి వైజాగ్ నుంచి ఢిల్లీ వెళ్తున్నామని, ఎనిమిదేళ్ళ పాప ఉందని, ఆగ్రాలో అసలు తాజ్‌మహల్ ఎలాగూ చూస్తారు కాబట్టి పాత ఇనుముతో చేసిన నమూనాల కోసం ఒక పూట పెట్టాలా అని అడిగారు. తప్పకుండా పెట్టండి. నేనూ వెళ్ళేముందు మీలాగే అనుకున్నాను. మా నాన్న పక్కన ఉండబట్టి నా అభిప్రాయం మారింది.

నాన్న ఇక్కడ వైజాగ్ షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. మేం సమతా ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాం. అది హజ్రత్ నిజాముద్దీన్‌లోనే ఆగిపోతుంది, పార్కు ఆ స్టేషన్ దగ్గర్లోనే సరాయ్ కాలే ఖాన్‌లో ఉంది. పేరు వేస్ట్ టు వండర్. 2019 ఫిబ్రవరిలో తెరిచారు. దాదాపు 150 టన్నుల తుక్కుతో ఏడు కట్టడాలు నిలబెట్టారు.

అందరూ ఈఫిల్ టవర్ ముందు ఫొటోలు దిగుతుంటే నాన్న తాజ్‌మహల్ దగ్గర వంగి నిలబడిపోయారు. సైకిల్ రిమ్ములు, పైపు ముక్కలు. ఒక అతుకు మీద వేలు పెట్టి, ‘‘ఇది చూడరా, రిమ్ము రేకు ఎంత పల్చనో. వెల్డింగ్ మంట కాస్త ఎక్కువసేపు నిలిపితే బొక్క పడిపోద్ది. చెయ్యి తిరిగినోడే చేశాడు’’ అన్నారు. అప్పటిదాకా నాకది తాజ్‌మహల్ బొమ్మే. ఆ మాటతో ఒక్కో రిమ్మూ విడిగా కనిపించడం మొదలైంది. మా పాప కూడా తాతయ్యతో పాటు వంగి, ఏ ముక్క దేనిదో వెతుకుతూ గంటసేపు కదల్లేదు.

టవర్ దగ్గరికి వెళ్ళాక నాన్న ఇంకో సంగతి చెప్పారు. పారిస్‌లో ఉన్న అసలు టవర్‌లో వెల్డింగ్ లేదట, 1889లో పూర్తయిన ఆ కట్టడమంతా రివెట్లే, అంటే ఇనుప ముక్కల్ని కలిపి బిగించే మేకుల్లాంటివి. సుమారు 25 లక్షల రివెట్లు! అసలు దాన్ని బిగించి కట్టారు, ఈ నమూనాని వెల్డింగ్‌తో అతికించి నిలబెట్టారు. ఇలాంటి తేడా మీ పాపకి చెప్తే బాగా గుర్తుంటుంది.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. ఇక్కడ అన్నిటికీ ఒకే కొలత పాటించలేదు. తాజ్ 20 అడుగులు, పీసా గోపురం 25 అడుగులు. అసలు తాజ్ 73 మీటర్లు, పీసా సుమారు 56 మీటర్లే. అంటే ఇక్కడ లెక్క తిరగబడింది. నెదర్లాండ్స్‌లోని మదురోడామ్, జపాన్‌లోని టోబు వరల్డ్ స్క్వేర్ లాంటి చోట్ల అన్నిటినీ 25వ వంతుకి తగ్గించి చేస్తారు. ఆ లెక్కన అయిదున్నర అడుగుల మనిషి బొటనవేలంత అవుతాడు, పక్కపక్కనున్న కట్టడాల్లో ఏది పెద్దదో కంటితోనే తెలుస్తుంది. ఢిల్లీలో ఆ పని మీరే చెయ్యాలి, పాపకి నోటితో చెప్పాలి.

ఇంకోటి, మధ్యాహ్నం వెళ్ళకండి. మేం మే నెలలో ఎండ వేళ వెళ్ళి, ఇనుము వేడికి పిల్లని దగ్గరికి రానివ్వలేక మొదట ఒక గంట చెట్టుకిందే కూర్చున్నాం. సాయంత్రం వెళ్తే దీపాలు కూడా చూడొచ్చు.

బయల్దేరే ముందు ఒకసారి పాపని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళి కురుసుర సబ్‌మెరైన్‌లో ఈ చివర నుంచి ఆ చివరికి నడిపించండి. దాని పొడవు దాదాపు 91 మీటర్లు. అలాంటివి మూడున్నర ఒకదానిమీద ఒకటి నిలబెడితే అసలు ఈఫిల్ టవర్ 330 మీటర్ల ఎత్తుకి దగ్గరగా వస్తుంది. ఢిల్లీలో ఉన్నది 60 అడుగులు, అంటే అసలు దానిలో 18వ వంతు. నేను మా పాపకి ఈ లెక్క తిరిగొచ్చాక చెప్పాను, ముందే చెప్పాల్సింది.