రాత్రి నిద్రలో పాము కరిస్తే ముందు పసరు మందు వేయించి చూడొచ్చా? మా బాబాయికి జరిగింది చెప్తాను

మీరు అడిగింది ఇదీ కదా, మీ నాన్నగారు పొలం దగ్గర మోటార్ షెడ్డులో కింద చాప మీదే పడుకుంటారు, ఒకవేళ రాత్రి పురుగు ముడితే ఊళ్ళో పసరు పోసే ఆయన దగ్గరికి ముందు తీసుకెళ్ళి విషం ఎక్కిందని తేలితేనే హాస్పిటల్‌కి వెళ్తే చాలా అని, గాట్లు కనపడకపోయినా వెళ్ళాలా అని. చాలదండీ. గాట్లు కనపడకపోయినా వెళ్ళాలి, అదీ వెంటనే. ఎందుకో మా ఇంట్లో జరిగింది చెప్తే మీకే తెలుస్తుంది.

మాది దివిసీమ. 2018 ఆగస్టులో మా వైపు పాముకాట్ల గురించి పేపర్లలో, టీవీల్లో బాగా వచ్చింది, మీరూ చూసే ఉంటారు. ఆ మరుసటి ఏడాది వానాకాలంలో, నాట్లు అయిపోయిన రోజుల్లో, మా బాబాయి వరండాలో చాపేసుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున మూడింటికి మోచేతి దగ్గర చీమ కుట్టినట్టుందని లేచాడు. లైటేసి చూస్తే ఏమీ లేదు, వాపు లేదు, నెత్తురు లేదు, మంట కూడా లేదు. మళ్ళీ పడుకోబోతుంటే పిన్నికి ఎందుకో అనుమానమొచ్చి చాప ఎత్తి దులిపింది, నల్లటి ఒంటి మీద సన్నటి తెల్ల చారలతో గోడవార జారిపోతూ కనపడింది. కట్లపాము.

అప్పుడే 108కి ఫోన్ చేసుంటే ఇంత కథ ఉండేది కాదు. కానీ పక్క ఊళ్ళో పసరు పోసే పెద్దాయన ఉన్నాడు, మా తాతల నాటి నుంచీ అలవాటు, బండి మీద అక్కడికే తీసుకెళ్ళారు. ఆయన వేపాకు నమిలించాడు, చేదు తెలుస్తోందా అన్నాడు, తెలుస్తోంది అన్నాడు బాబాయి, మిరియాలు నమిలించాడు, కారంగానే ఉన్నాయన్నాడు. అయితే విషం ఎక్కలేదు, పొండి అన్నాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. కట్లపాము విషం పట్టుకునేది నరాలు కండరాలకి కదలమని చెప్పే చోటుని, నాలుకకి చేదు తెలియడానికీ దానికీ సంబంధమే లేదు, ఈ ముక్క మాకు తర్వాత డాక్టర్ చెప్తే గానీ తెలియలేదు. ఆయన్ని తిట్టాలని చెప్పట్లేదు, ఆయనా మంచికే చేశాడు, కానీ రెండు గంటలు అక్కడే పోయాయి.

ఐదింటికి కడుపులో నొప్పి, వాంతి. రాత్రి తిన్న చేపల పులుసు పడలేదేమో అనుకున్నారు. కట్లపాము కాటుకి కడుపునొప్పి మొదటి గుర్తుల్లో ఒకటి, దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. ఐదున్నరకి నేను వెళ్ళేసరికి బాబాయి తల వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తి రెప్పల కింద నుంచి నన్ను చూస్తున్నాడు. కళ్ళు తెరువు బాబాయ్ అంటే నుదురు ముడతలు పడుతోంది గానీ రెప్పలు లేవట్లేదు. మాట ముక్కుతో వస్తోంది, ఉమ్ము మింగలేక పక్కకి కారిపోతోంది. అప్పుడు కారెక్కించాం.

ఏరియా హాస్పిటల్లో డ్యూటీ డాక్టర్ చిన్నమ్మాయే, కానీ చూడగానే కనిపెట్టేసింది. ఊపిరి తీసే కండరాల్లో ఎంత బలం ఉందో చూడటానికి, ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టండి అంది. బాబాయి 22 దాకా వెళ్ళాడు. పాము విషానికి విరుగుడు మందు, యాంటీ వెనమ్, పది సీసాలు సెలైన్లో కలిపి ఎక్కించడం మొదలుపెట్టారు, మధ్యలో మళ్ళీ లెక్కపెట్టించారు, 13. ఇంకాసేపటికి 7 దగ్గర ఆగిపోయాడు. ఆ అంకెలు వింటుంటే నా కాళ్ళల్లో సత్తువ పోయింది. గొంతులోకి గొట్టం వేసి, చేత్తో నొక్కే గాలి సంచి తగిలించి 108లో విజయవాడ పెద్దాసుపత్రికి పంపారు, దారి పొడుగునా టెక్నీషియన్ కుర్రాడు సంచి నొక్కుతూనే ఉన్నాడు, ఆ చేతులకి మా ఇల్లంతా రుణపడి ఉంటుంది.

యాంటీ వెనమ్ ఇచ్చాక కూడా ఎందుకు పడిపోయాడని మీకు అనిపించొచ్చు. ఆ మందు రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్నే పట్టుకుంటుంది. అప్పటికే నరాల చివర్లని దెబ్బతీసిన విషాన్ని వెనక్కి లాగలేదు, ఆ నరాలు మళ్ళీ బాగుపడేదాకా మెషీన్ ఊపిరి ఇవ్వాల్సిందే. వేపాకు దగ్గర పోయిన రెండు గంటల విలువ అదీ.

రెండో రోజు ఐసీయూలో మనిషి కదలట్లేదు, గిల్లినా కదలట్లేదు, టార్చ్ వేస్తే కంటిపాప కూడా చిన్నదవట్లేదు. మా పెదనాన్న మంచం పక్కనే నిలబడి, ఇంకేముందిరా, ఇంటికి తీసుకుపోదాం, ఇంటి దగ్గరే పోనిద్దాం అన్నాడు, పిన్ని గోడకి తల కొట్టుకుంటోంది. అక్కడి డాక్టర్ గట్టిగా అరిచాడు, ఇది కట్లపాము కేసు, ఇలాగే ఉంటారు, పోయినట్టు కనపడతారంతే, గొట్టం తీస్తే మీరే చంపినట్టు అని. నాలుగో రోజు పొద్దున కాలి బొటనవేలు కదిలింది. తొమ్మిదో రోజున ఇంటికొచ్చాడు. వచ్చాక బాబాయి చెప్పిన మాట ఇప్పటికీ మా పెదనాన్న తలుచుకుని ఏడుస్తాడు. "అన్నయ్య తీసుకుపోదాం అనడం వినపడుతూనే ఉందిరా, వద్దు అనడానికి వేలు కూడా లేవలేదు" అన్నాడు.

అందుకే చెప్తున్నాను, కట్లపాము ముందు ఏమీ కాలేదనిపిస్తుంది, తర్వాత అంతా అయిపోయిందనిపిస్తుంది, రెండుసార్లూ మనల్ని మోసం చేస్తుంది. మొదటిసారి మోసపోతే ఆలస్యం, రెండోసారి మోసపోతే ప్రాణమే పోతుంది.

అన్ని పాములూ ఇలా ఉండవు. ఏరియా హాస్పిటల్లో బాబాయి పక్క మంచం మీద రక్తపింజర కరిచిన కుర్రాడున్నాడు, కాలు మోకాలి దాకా ఉబ్బిపోయి, చిగుళ్ళ నుంచి నెత్తురు. నర్సు ఒక గాజు గొట్టంలో రెండు ఎంఎల్ రక్తం తీసి స్టాండులో పెట్టింది, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి అప్పుడు వంచి చూసింది. మామూలుగా గడ్డ కట్టి ఉండాలి, ఆ కుర్రాడిది నీళ్ళలా జారింది. అతనికీ బాబాయికీ ఇచ్చింది ఒకటే మందు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ కలిపి తయారుచేసిందే మన దగ్గర దొరికేది, కాబట్టి పామును చంపి తీసుకెళ్ళాలని దాని వెంట పడకండి, ఇంకొకరిని కరుస్తుంది. దూరం నుంచి ఫోటో వస్తే చాలు, లేకపోయినా పర్లేదు. పిల్లలకైనా పెద్దలకైనా మందు డోసు ఒకటే, ఎందుకంటే పాము పిల్లాడని తక్కువ విషం వదలదు కదా, అంత చిన్న పిల్లకి ఇన్ని సీసాలా అని డాక్టర్‌తో గొడవ పడేవాళ్ళని చూశాను కాబట్టి చెప్తున్నా. ఎక్కించేటప్పుడు చలి, దద్దుర్లు రావొచ్చు, దానికి వాళ్ళ దగ్గర అడ్రినలిన్ అనే ఇంజెక్షన్ ఉంటుంది.

ఇక దారిలో. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయండి, వాపొస్తే తర్వాత రావు. తాడు బిగించొద్దు, బ్లేడుతో కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఎవరైనా అప్పటికే బిగించేసి ఉంటే మాత్రం దారిలో విప్పకుండా డాక్టర్ ముందే విప్పించండి. చెయ్యో కాలో విరిగితే ఎలా కదపకుండా కర్ర కట్టి పట్టుకుంటామో అలా పట్టుకోండి, నడిపించకండి. 108 రావడం లేటయ్యేలా ఉంటే బండి మీద ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్ళండి. ఏమీ తాగించకండి, మింగలేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. యాంటీ వెనమ్ ఉందా, వెంటిలేటర్ ఉందా అని బయల్దేరేటప్పుడే ఎవరో ఒకరు ఫోన్ చేసి కనుక్కుంటుంటే రెండు హాస్పిటల్స్ తిరిగే పని తప్పుతుంది. గవర్నమెంట్ హాస్పిటల్లో మందు ఉచితమే. అక్కడ అంతా బాగానే ఉందన్నా 24 గంటలు అబ్జర్వేషన్లో ఉంచమనండి, ఇంటికి వచ్చేయకండి.

మన దేశంలో ఏటా సుమారు 58,000 మంది పాముకాటుతో పోతున్నారని 2020లో వచ్చిన పెద్ద స్టడీ చెప్పింది, ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఉంది. ఆ అంకె చూసినప్పుడల్లా నాకు బాబాయి 22, 13, 7 అని లెక్కపెట్టడమే వినపడుతుంది.

మీ నాన్నగారికి ఈ వారమే ఒక మంచం, ఒక దోమతెర కొనివ్వండి. మంచం కుదరకపోతే చాప మీదైనా దోమతెర కట్టి, అంచులు నాలుగు వైపులా చాప కిందకి గట్టిగా దోపమనండి, కట్లపాము రాత్రిపూట పక్కలోకి వచ్చేది ఆ అంచుల కింద సందులోంచే. మోటార్ షెడ్డులో మూలన పెట్టిన గోనెసంచులు, ధాన్యం ఉంటే తీసేయించండి, ఎలుకల కోసం వస్తాయి. టార్చి దిండు కింద ఉండాలి. ఇంకో మాట, పసరు పోసే ఆయన నంబర్ ఫోన్లో ఉంటే ఉండనివ్వండి గానీ 108ని మాత్రం పైన పెట్టించండి, మా బాబాయి ఫోన్లో ఇప్పుడు అలాగే ఉంది.