‘ఎరగాన్’ నవల అంత నచ్చినవాళ్లకి సినిమా ఎందుకు చప్పగా అనిపిస్తుంది?

ప్రధాన కారణం తొందర. క్రిస్టఫర్ పావొలీనీ రాసిన లావుపాటి నవలని 2006లో రెండు గంటలైనా లేని సినిమాలోకి కుక్కారు. పుస్తకంలో సఫీరా అనే డ్రాగన్ నెలల తరబడి పెరుగుతుంది. కథానాయకుడు ఎరగాన్ దాన్ని ఎవరి కంటా పడకుండా అడవిలో దాచి సాకుతాడు. ఆ చనువే కథకి ప్రాణం. సినిమాలోనేమో పిల్ల డ్రాగన్ మబ్బుల్లోకి ఎగిరి, క్షణాల్లో పూర్తి సైజులో దిగొస్తుంది! ఇక బంధం ఏర్పడేదెప్పుడు?

పైగా తర్వాతి భాగాల్లో కీలకమైన రాజాక్‌లని (దుష్ట రాజు పంపే క్రూర జీవులు) సినిమాలో ఇక్కడే చంపేశారు. సీక్వెల్‌కి దారి సినిమా వాళ్లే మూసుకున్నారన్నమాట.

దర్శకుడు స్టీఫెన్ ఫాంగ్‌మయర్ విజువల్ ఎఫెక్ట్స్ నుంచి వచ్చారు, దర్శకత్వం ఇదే మొదలు. ఎగిరే సీన్లు బాగుండటానికి అదే కారణమేమో. ఎరగాన్‌కి గురువైన బ్రోమ్‌గా జెరెమీ ఐరన్స్ మాత్రం ఉన్నంతలో లాక్కొచ్చారు.