సైన్స్ ఫిక్షన్‌లో చూసిన ఏ టెక్నాలజీ నిజంగా రావాలనుకుంటున్నారు? ఏది రాకపోయినా ఫర్వాలేదు?

రాకపోయినా ఫర్వాలేదనుకునేది ముందు చెప్పేస్తాను. దాని మీదే నాకు మాటలెక్కువ.

కాంతి కన్నా వేగంగా కబురు పంపే యంత్రం. ఓడ కెప్టెన్ గెలాక్సీ ఆ కొసన ఉంటాడు, పై అధికారి ఈ కొసన ఉంటాడు, మధ్యలో గోడంత తెర. ఇద్దరూ పక్కపక్క గదుల్లో ఉన్నట్టు వీడియో కాల్‌లో అరుచుకుంటారు. చిన్నప్పుడు ఇలాంటివి నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. ఇప్పుడా సీను రాగానే ఆవులింత వస్తోంది. దీనికి కారణం ఒక బొమ్మ కారు.

కొన్నేళ్ళ క్రితం ఒక రాస్ప్‌బెర్రీ పై బోర్డు (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్), రెండు మోటార్లు, చిన్న కెమెరా పెట్టి ఓ బండి తయారుచేశాను. వైఫై మీద లాప్‌టాప్ నుంచి నడపొచ్చు. మొదటి రోజంతా ఇల్లంతా తిప్పాను, రెండో రోజుకి బోరు కొట్టేసింది. అప్పుడో తిక్క ఆలోచన వచ్చింది. ఈ బండి అంగారకుడి మీద ఉందనుకుంటే ఎలా ఉంటుంది? అంగారకుడు మనకి బాగా దగ్గరగా ఉన్నప్పుడు కాంతి (రేడియో సిగ్నల్ వేగమూ అదే) అక్కడికి చేరడానికి 3 నిమిషాలు చాలు. సూర్యుడికి అవతలి వైపున్నప్పుడు 22 నిమిషాల దాకా పడుతుంది. నేను మధ్యస్థంగా 12 నిమిషాలు తీసుకున్నాను. నా కమాండ్ 12 నిమిషాలు ఆగి బండికి చేరాలి, బండి తీసిన ఫోటో ఇంకో 12 నిమిషాలు ఆగి నాకు చేరాలి. ఇరవై లైన్ల కోడ్ కూడా పట్టలేదు.

బండిని గది మధ్యలో పెట్టి, తొంగి చూడకుండా తలుపేసి బయట కూర్చున్నాను. ‘ముందుకి 2 సెకన్లు’ అని పంపాను. 24 నిమిషాలకి ఫోటో వచ్చింది. బండి కదిలింది గానీ కుడికి లాగేసింది, ఎదురుగా మంచం కోడు. సరే, ‘ఎడమకి కొంచెం, ముందుకి 2 సెకన్లు’. మళ్ళీ 24 నిమిషాలు. ఈసారి ఫోటో మొత్తం నల్లగా వచ్చింది.

మంచం కిందికి దూరిందా? బోల్తా పడి నేలని చూస్తోందా? కెమెరా మీద దుప్పటి కొస వేలాడుతోందా? తలుపు తీస్తే ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. తియ్యలేదు. ‘వెనక్కి 1 సెకను’ అని పంపి కూర్చున్నాను. తర్వాతి ఫోటో కూడా నలుపే, కాకపోతే పై మూల వెంట్రుకంత వెలుతురు గీత. ఆ గీత చూసి నేను కుర్చీలోంచి లేచి గెంతాను! సాయంత్రానికి పదకొండు కమాండ్లు పంపి బండిని ఒకటిన్నర మీటర్లు నడిపాను. ముందు రోజు అదే దూరం నాలుగు సెకన్ల పని.

అంగారకుడి మీద తిరిగే రోవర్ బండ్లని ఎవరో రిమోట్ పట్టుకుని నడుపుతారని అప్పటిదాకా నేనూ లోలోపల అనుకుంటూ ఉండేవాణ్ణి. చదివి తెలుసుకోవడం వేరు, నల్ల ఫోటో ముందు 24 నిమిషాలు కూర్చోవడం వేరు. అసలు రోవర్లకి ఆ రోజు చెయ్యాల్సిన పనులన్నీ ఒకేసారి రాసి పంపుతారు. దారిలో రాయి అడ్డొస్తే ఎటు తిరగాలో చాలావరకు రోవరే తన కెమెరాలతో చూసుకుని తేల్చుకుంటుంది. 2021 ఫిబ్రవరి 18న నాసా రోవర్ పర్సెవరెన్స్ అంగారకుడి మీద దిగినప్పటి సంగతి తీసుకోండి. వాతావరణంలోకి ప్రవేశించిన దగ్గర్నుంచి నేల తాకడానికి సుమారు 7 నిమిషాలు. సిగ్నల్ భూమికి రావడానికి మాత్రం 11 నిమిషాల పైనే. అంటే ‘ఇప్పుడు వాతావరణంలోకి దిగుతోంది’ అన్న కబురు కంట్రోల్ రూముకి అందేసరికి, అక్కడ బండి అప్పటికే నేల మీద ఉంది. చక్రాల మీద ఉందా, ముక్కలై ఉందా అన్నదే తెలియాలి. ఇంత టెన్షన్‌ని భౌతికశాస్త్రం ఉచితంగా ఇస్తుంటే, కథ రాసేవాళ్ళు దాన్ని తీసి అవతల పారేసి వీడియో కాల్ పెట్టుకుంటారు. నా బాధ అదీ.

నాసా అంతరిక్ష నౌక వాయేజర్-1 దగ్గరికి వచ్చేసరికి నాకు భక్తే. 1977 సెప్టెంబర్ 5న బయల్దేరింది, 2012లో సూర్యుడి ప్రభావ గోళాన్ని దాటి నక్షత్రాల మధ్య ఖాళీలోకి వెళ్ళిపోయింది. దాని కంప్యూటర్లన్నిటి మెమరీ కలిపినా 70 కిలోబైట్లు ఉండదు, ఇవాళ మనం వాట్సాప్‌లో పంపుకునే ఒక్క శుభోదయం బొమ్మ దానికి పట్టదు. 2023 నవంబర్‌లో అది ఉన్నట్టుండి అర్థంలేని ఒకట్లూ సున్నాలూ మళ్ళీ మళ్ళీ పంపడం మొదలెట్టింది. మాట పోయింది గానీ గొంతు ఉంది. నెలల తరబడి వెతికి, సమాచారాన్ని ప్యాక్ చేసి పంపే కంప్యూటర్లో సుమారు 3 శాతం మెమరీ పాడైందనీ, బహుశా ఒక చిప్ పోయిందనీ తేల్చారు. 24 వందల కోట్ల కిలోమీటర్ల దూరంలో చిప్ మార్చేదెవరు? అందుకని ఆ చిప్‌లో ఉన్న కోడ్‌ని వేరే చోటికి మార్చాలనుకున్నారు. మొత్తం పట్టేంత ఖాళీ ఒక్కచోట కూడా లేదు. ముక్కలు చేసి, సందుల్లో ఇరికించి, విడిపోయిన ముక్కలు ఒకదాన్నొకటి వెతుక్కునేలా అడ్రసులన్నీ సరిచేసి, 2024 ఏప్రిల్ 18న మొదటి ముక్కని పంపారు. వెళ్ళడానికి ఇరవై రెండున్నర గంటలు, జవాబు రావడానికి ఇంకో ఇరవై రెండున్నర. ఏప్రిల్ 20న జవాబొచ్చింది. అయిదు నెలల తర్వాత మొదటిసారి తన ఒంట్లో ఎలా ఉందో చెప్పింది.

ఆ రెండు రోజులు గదిలో కూర్చున్నవాళ్ళని తలుచుకుంటే నాకు నా వెలుతురు గీత గుర్తొస్తుంది. (పోలిక మరీ ఎక్కువైందని తెలుసు. వదిలెయ్యండి.)

‘కాంతి వేగమే హద్దయితే గెలాక్సీ కథలెలా రాస్తారు’ అని ఒక స్నేహితుడు నాతో వాదిస్తుంటాడు. న్యాయమే. వాయేజర్ సెకనుకి 17 కిలోమీటర్లు పోతోంది. ఆ వేగంతో, సూర్యుణ్ణి వదిలేస్తే మనకి అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ అంత దూరం వెళ్ళాలంటే 75 వేల ఏళ్ళు పడుతుంది. కాబట్టి కథకి ఒక పెద్ద అబద్ధం అనుమతిస్తాను, ఓడ వేగంగా పోనివ్వండి. ఓడ పోతుంది గానీ కబురు పోదు అని పెడితే మళ్ళీ పాత ఉత్తరాల రోజులొస్తాయి. ఉత్తరం అందేలోపు రాసినవాడు ఏమయ్యాడో తెలియదు. అలాంటి కథ దొరికితే అన్నం మానేసి చదువుతాను.

మిగతా రాకూడనివి గబగబా చెప్పేస్తాను. గాల్లో చేతులూపి నడిపే తెరలు వద్దు. వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని పావుగంట అలా పనిచేసి చూశాను, భుజాలు పట్టేశాయి. అవతలి గోడ కనిపించే గాజు మానిటర్లు కూడా వద్దు, వాటి మీద అక్షరం చదవాలంటే వెనక ఎవరూ నడవకూడదు. గ్రహశకలాల మధ్య ఓడ మెలికలు తిరుగుతూ తప్పించుకునే సీన్లు కూడా నాకు నవ్వే తెప్పిస్తాయి. అక్కడ ఒకదానికీ ఇంకోదానికీ మధ్య సగటున పది లక్షల కిలోమీటర్ల దూరం ఉంటుంది, కావాలని గుద్దుదామన్నా కష్టం. శూన్యంలో పేలుడు శబ్దాన్ని మాత్రం క్షమిస్తాను. అది లేకపోతే నాకే వెలితిగా ఉంటుంది.

రావాలనుకునేది ఒక్కటే: ఎక్కడో దూరాన ఉన్నా, ఎన్నేళ్ళయినా బాగుచేసుకోగలిగిన యంత్రం. నా దగ్గరొక స్మార్ట్ స్పీకర్ ఉండేది. నాలుగేళ్ళకి కంపెనీవాళ్ళు సర్వర్ ఆపేశారు. చిప్పులన్నీ నిక్షేపంగా ఉన్నాయి, అది మాత్రం చచ్చింది. అదే అంగారకుడి మీద ఎగిరిన ఇంజెన్యుటీ హెలికాప్టర్‌ని చూడండి. అందులో ఉన్నది పాత ఫోన్లలో వాడిన ప్రాసెసరే. అయిదుసార్లు ఎగిరితే చాలనుకున్నది 72 సార్లు ఎగిరింది. మధ్యమధ్యలో దానికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు కూడా వెళ్ళాయి! పక్క గ్రహానికి పంపగలిగిన అప్‌డేట్ నా టేబుల్ మీదికి రాలేదు.

బొమ్మ కారు ఇంకా ఉంది. 2026 నవంబర్‌లో వాయేజర్-1 భూమికి సరిగ్గా ఒక కాంతి రోజు (కాంతి ఒక రోజులో పోయేంత) దూరానికి చేరుతుంది, దాదాపు 2,590 కోట్ల కిలోమీటర్లు. ఆ వారం నా ప్రోగ్రాంలో 12 నిమిషాలు తీసేసి 24 గంటలు పెడదామనుకుంటున్నాను. శనివారం పొద్దున్న ‘ముందుకి 2 సెకన్లు’ అని పంపి, గది తలుపేసి, సోమవారం పొద్దున్న ఫోటో చూస్తాను. కుడి చక్రం మాత్రం ఈలోగా సరిచెయ్యాలి, ఇంకా అటే లాగుతోంది.