టెక్ సందేహాలు: యూనివర్సిటీలో పుట్టిన సాఫ్ట్‌వేర్‌ను నమ్మొచ్చా?

ప్రశ్న: చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఇది రెండో ఏడాది. రిఫరెన్సులు దాచుకోవడానికి జొటెరో వాడమని మా గైడ్ చెప్పారు. అది యూనివర్సిటీ వాళ్లది కాబట్టి ప్రాజెక్టు డబ్బులు అయిపోతే వదిలేస్తారని, మెండలే అయితే వెనక పెద్ద కంపెనీ ఉంటుందని మా సీనియర్ అంటున్నారు. థీసిస్ అయ్యేదాకా ఈ టెన్షన్ పడలేను. ఏది వాడాలి? (పరిశోధక విద్యార్థిని, వరంగల్)

జవాబు: జొటెరోనే వాడండి. అయితే మీ సీనియర్ భయం ఉత్తిది కాదు. యూనివర్సిటీలో సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు పేరొచ్చేది పేపర్ వల్ల, డిగ్రీ వల్ల. ఐదేళ్ల తర్వాత కొత్త విండోస్‌లో అది తెరుచుకోకపోతే బాగుచేసినందుకు ఎవరూ డిగ్రీ ఇవ్వరు. రాసినవాళ్లు అప్పటికి ఏదో ఉద్యోగంలో ఉంటారు.

ఈరోజు ఎన్నో వెబ్‌సైట్ల వెనక ఉన్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌నే చూడండి. 1986లో కాలిఫోర్నియాలోని బర్కిలీ యూనివర్సిటీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ దాన్ని మొదలుపెట్టారు. వాడేవాళ్లు పెరిగారు. వాళ్లకు సాయం చేయడానికే సమయం పోతోంది, పరిశోధనకు మిగలడం లేదని 4.2 వెర్షన్‌తో ఆ ప్రాజెక్టును ముగించేశారు. కోడ్ అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి, 1994లో ఆండ్రూ యూ, జాలీ చెన్ అనే ఇద్దరు విద్యార్థులు దానికి ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ నుంచి సమాచారం అడిగే భాష) చేర్చి మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడు దానిమీద పనిచేసే చాలామందికి జీతాలిచ్చేది కంపెనీలే. ప్రతి పెద్ద వెర్షన్‌కూ ఐదేళ్లపాటు సవరణలు వస్తాయి. ఏ ఒక్క కంపెనీ మూసేద్దామనుకున్నా అది మూతపడదు. నాకు అన్నిటికంటే ధైర్యమిచ్చే విషయం ఇదే.

ఇక మెండలే. 2013లో పరిశోధన పత్రికలు ప్రచురించే ఎల్సెవియర్ కంపెనీ దాన్ని కొనుక్కుంది. 2018లో మన కంప్యూటర్‌లో ఉండే దాని డేటాబేస్‌ను ఎన్‌క్రిప్ట్ చేశారు. దాంతో వేరే సాఫ్ట్‌వేర్ దాన్ని నేరుగా చదివే దారి మూసుకుపోయింది. 2021లో ఫోన్ యాప్‌లు తీసేశారు. 2022 సెప్టెంబరు నుంచి పాత డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌ను కొత్తగా డౌన్‌లోడ్ చేసుకోనివ్వలేదు, బదులుగా వేరే ప్రోగ్రామ్ ఇచ్చారు. అక్కడ ఇంజనీర్లకు కొదవ ఉండదు. కానీ ఏది ఉంచాలో ఏది తీసేయాలో కంపెనీయే తేల్చుకుంటుంది, మనల్ని అడగదు.

జొటెరో 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో చరిత్రకారుల మధ్య పుట్టింది, అంటే మీ శాఖవాళ్లదే! ఇప్పుడు లాభాపేక్ష లేని సంస్థ ఒకటి దాన్ని చూసుకుంటోంది. అదనపు స్టోరేజీ కొనేవాళ్లు కట్టే డబ్బు దాని అభివృద్ధికి వెళ్తుంది. కోడ్ కూడా బహిరంగమే.

అయినా జాగ్రత్త మీదే. జొటెరోను మూసేసి, మీ యూజర్ ఫోల్డర్‌లోని ‘జొటెరో’ ఫోల్డర్ మొత్తాన్ని వారానికోసారి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయండి. నెలకోసారి లైబ్రరీని ఆర్‌ఐఎస్ లేదా బిబ్‌టెక్ (రిఫరెన్సులు దాచే ఫైల్ రకాలు) ఫార్మాట్‌లో ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి. ఆ ఫైళ్లను మెండలే కూడా తీసుకుంటుంది. జొటెరో ఆన్‌లైన్‌లో ఇచ్చే ఉచిత ఫైల్ స్టోరేజీ 300 ఎంబీ మాత్రమే, స్కాన్ చేసిన పాత పుస్తకాలతో ఇట్టే నిండిపోతుంది. అప్పుడు ఫైళ్ల సింక్ (ఆన్‌లైన్‌లోకి కాపీ కావడం) ఆపేసి, రచయిత, శీర్షిక వంటి వివరాల సింక్ ఒక్కటే ఉంచుకోండి. దానికి ఈ పరిమితి లేదు.

ప్రశ్న: మా కాలేజీలో ఫైనలియర్ పిల్లలు రాసిన హాజరు సాఫ్ట్‌వేర్ వాళ్లు వెళ్లిపోయాక ఆగిపోయింది. మళ్లీ అలా కాకుండా ఏం చేయాలి? (అధ్యాపకుడు, కాకినాడ)

జవాబు: కోడ్, పాస్‌వర్డ్‌లు పిల్లల సొంత ఖాతాల్లో కాకుండా కాలేజీ ఖాతాలో ఉండాలి. మూడో ఏడాది విద్యార్థులు ఇద్దరిని ముందే ఆ పనిలో కలపండి. సెలవుల్లో మరో కంప్యూటర్‌లో, రాసినవాళ్ల సాయం లేకుండా, వాళ్లిచ్చిన సూచనలు చూసి మీరే ఇన్‌స్టాల్ చేయండి. మీరు ఎక్కడ ఆగిపోతే అక్కడ సూచనలు సరిగా లేవన్నమాట. అది సరిచేశాకే మార్కులు వేయండి.