ఫైటేజ్ కలిపితే డీసీపీ తగ్గించాలి, లేదంటే అది అదనపు ఖర్చే

ప్రశ్న: మాది అనపర్తి దగ్గర లేయర్ ఫారం, 12 వేల కోళ్లు. మొక్కజొన్న రేటు పెరగడంతో నూకలు, నూనె తీసిన తవుడు ఎక్కువగా కలుపుతున్నాం. టన్నుకు 11 కిలోల డీసీపీ (భాస్వరం కోసం కలిపే డైకాల్షియం ఫాస్ఫేట్) వేస్తున్నాం. ఈ మధ్య రెట్ట జిగటగా పడుతోంది. ఫైటేజ్ (మేతలో చిక్కుకున్న భాస్వరాన్ని విడిపించే ఎంజైమ్), దాంతోపాటు కాక్‌టెయిల్ ఎంజైమ్ (పలు ఎంజైమ్‌ల మిశ్రమం) వాడమని డీలర్ అంటున్నాడు. వాడొచ్చా? ఇంటి దగ్గరున్న గేదెలకూ పెట్టొచ్చా?

జవాబు: ఫైటేజ్ వాడండి. మీ మేతకు అది బాగా సరిపోతుంది. గింజల్లో, తవుడులో ఉన్న భాస్వరంలో దాదాపు మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో చిక్కుకుని ఉంటుంది. దాన్ని విడగొట్టే శక్తి కోడికి చాలా తక్కువ, అందుకే అది రెట్టలో పోతుంది. మొక్కజొన్నలో భాస్వరం 0.3 శాతం లోపే. తవుడులో 1.5 శాతం దాకా ఉంటుంది. అంటే మీరు తవుడు పెంచిన కొద్దీ ఫైటేజ్‌కి పని పెరుగుతుంది.

కిలో మేతకు 500 యూనిట్ల ఫైటేజ్ అందాలి. గ్రాముకు 5000 యూనిట్లున్న రకమైతే టన్నుకు 100 గ్రాములు చాలు. ఆ మోతాదుకు సుమారు 0.1 శాతం భాస్వరం కోడికి అందుతుంది. డీసీపీలో భాస్వరం 18 శాతం కాబట్టి టన్నుకు 5 కిలోల డీసీపీ తగ్గించుకోవచ్చు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు: ఎంజైమ్ వేస్తారు, డీసీపీ మాత్రం అలాగే ఉంచుతారు. అలాంటప్పుడు మిగిలేదేమీ లేదు. అలాగని 5 కిలోలూ ఒకేసారి తీసేయకండి. మొదట 3 కిలోలు తగ్గించి, పెంకు పలచబడుతోందా, పగుళ్లు పెరిగాయా అని మూడు వారాలు గమనించాక మిగతా 2 కిలోలు తగ్గించండి. కాల్షియం మాత్రం 3.5 శాతానికి తగ్గకూడదు. అందులో కొంత షెల్ గ్రిట్‌గా (గుల్లల ముక్కలుగా) వేయండి. మెత్తటి సున్నపురాయి పొడి మరీ ఎక్కువైతే ఫైటేజ్ పనికి అడ్డు.

కాక్‌టెయిల్ విషయంలో నాకు అంత ఉత్సాహం లేదు. గోధుమ, బార్లీ పెట్టే దేశాల్లో అందులోని జైలనేజ్ (పీచును విడగొట్టే ఎంజైమ్) బాగా పనిచేస్తుంది, ఎందుకంటే వాటి పీచులో కరిగి జిగురయ్యే భాగం ఎక్కువ. మన తవుడు పీచు చాలావరకు కరగని రకం. రెట్ట సమస్యకు ముందుగా మేతలో ఉప్పు ఎంత పడుతోందో (ఎండు చేప వేస్తుంటే దాని ఉప్పు కూడా కలిపి), నీళ్ల నిపుల్స్ కారుతున్నాయేమో చూడండి. అవన్నీ బాగుంటే ఒక షెడ్డులో మాత్రమే కాక్‌టెయిల్ వేసి, గుడ్డుకు పడే మేత లెక్కను పక్క షెడ్డుతో పోల్చండి. ఫైటేజ్ ఇచ్చే ఆదా, కాక్‌టెయిల్ ఇచ్చే ఆదా అంటూ రెండు బ్రోచర్లలోని అంకెలను కూడి మేత ఫార్ములాలో దినుసులు తగ్గించవద్దు. కోడి దగ్గర ఆ లెక్క కుదరదు.

100 గ్రాముల పొడిని నేరుగా మిక్సర్‌లో పోస్తే టన్ను మేతలో సమంగా కలవదు. ముందు కిలో మొక్కజొన్న పిండిలో, తర్వాత పది కిలోల్లో కలిపి అప్పుడు వేయండి. కోలిన్ క్లోరైడ్‌తో, మినరల్ మిక్చర్‌తో కలిపి రోజుల తరబడి నిల్వ ఉంచకండి. మీది పొడి మేత కాబట్టి పెల్లెట్ (గుళికలు) చేసే వేడికి చెడిపోతుందన్న టెన్షన్ లేదు. రేకుల గోదాములో మే ఎండకు ఉంచితే మాత్రం చెడుతుంది.

గేదెలకు ఫైటేజ్ అక్కర్లేదు. పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులే ఆ పని చేస్తాయి. పీచు ఎంజైమ్‌ల ఫలితం కూడా ఒకచోట వస్తే మరోచోట రాదు. ఆ డబ్బుతో వరిగడ్డిని యూరియాతో మాగబెట్టండి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి చల్లి, గాలి చొరకుండా 21 రోజులు కప్పి ఉంచాలి. తీశాక కాసేపు ఆరబెట్టి పెట్టండి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టవద్దు.