కట్టుకథకూ పుట్టిన తేదీ ఉంటుంది: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. అమెరికా పడమటి సీమ చరిత్ర మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. పగలంతా ఆఫీసు పని చూసుకుని, డాలస్‌లో అర్ధరాత్రి దాకా కూర్చుని తెలుగులో ఇంత శ్రద్ధగా రాశావు. ముందు నా సంతోషం అందుకో. ఆ తర్వాత మాస్టారు పెన్సిలుతో పెట్టిన గీతలు చూడు.

పది అపోహలు ఏరి, ఒక్కోదానికి ఒక్కో పేరా ఇచ్చి, ఇది అబద్ధం, ఇది నిజం అని తేల్చేశావు. తేల్చినవాటిలో పెద్ద తప్పులేమీ లేవు. కానీ పాఠకుడు "ఓహో, అలాగా" అనుకుని పేజీ తిప్పేస్తాడు. అబద్ధాన్ని బయటపెట్టడంతో నీ పని సగమే అయింది. దాన్ని ఎవరు అల్లారు, ఎప్పుడు అల్లారు, ఎవరికి అవసరమై అల్లారు అన్నది కూడా చరిత్రే. కట్టుకథకూ పుట్టిన తేదీ ఉంటుందమ్మా. దాన్ని వెతికి పట్టుకో.

టూంస్టోన్ కాల్పుల సంగతే తీసుకో. 1881 అక్టోబరు 26న, అరిజోనాలోని ఆ వెండి గనుల ఊళ్లో, అర నిమిషంలో సుమారు 30 తూటాలు పేలి ముగ్గురు చనిపోయారని రాశావు. అది జరిగింది ఓకే కొరాల్ అనే గుర్రాల దొడ్డిలో కాదనీ, కాస్త అవతల ఫ్లై అనే ఫొటోగ్రాఫర్ ఇంటి పక్కనున్న ఇరుకు జాగాలోననీ రాశావు. సరే. మరి ఎర్ప్ అన్నదమ్ములూ, వాళ్లంటే పడని క్లాంటన్, మెక్‌లారీ వర్గమూ అక్కడ ఎదురెదురుగా ఎందుకు నిలబడ్డారు? ఊళ్లో ఆయుధాలు పట్టుకు తిరగకూడదని ఆ ఏడాదే టూంస్టోన్‌లో ఒక నిబంధన పెట్టారు. ఆ రెండు వర్గాల మధ్య పాత పగలు ఎన్నో ఉన్నాయి. కానీ ఆ మధ్యాహ్నం ఊరి మార్షల్ వర్జిల్ ఎర్ప్ తన తమ్ముళ్లనూ, వాళ్ల స్నేహితుడు డాక్ హాలిడేనూ వెంటబెట్టుకుని బయల్దేరింది, ఆ నిబంధన పేరుతో అవతలివాళ్ల తుపాకులు తీసుకోవడానికి. చట్టమే లేని సీమ అని లోకమంతా చెప్పుకునే చోట, అన్నిటికన్నా పేరు మోసిన కాల్పులు ఒక తుపాకీ నిషేధం దగ్గర మొదలయ్యాయి. నీ వ్యాసంలో ఈ ముక్క లేదు. కాన్సస్‌లోని డాడ్జ్ సిటీలో ఆ రోజుల్లో తీసిన ఒక ఫొటో ఉంది, వెతికి చూడు. వీధి నడుమ పెద్ద చెక్క బోర్డు, దాని మీద తుపాకులు వెంట ఉంచుకోవడం నిషేధమన్న మాట.

ఇక ఆ అర నిమిషం పురాణంగా మారింది ఎప్పుడు? ఆ తమ్ముళ్లలో ఒకడైన వాయట్ ఎర్ప్ 1929లో లాస్ ఏంజిలిస్‌లో కన్నుమూశాడు. రెండేళ్ల తర్వాత అతణ్ని మహావీరుణ్ని చేస్తూ ఒక జీవితచరిత్ర వచ్చింది. దాని వెనక సినిమాలు వచ్చాయి. అంటే కాల్పులకూ కథకూ మధ్య యాభై ఏళ్లు. ఆ యాభై ఏళ్లలో ఏం జరిగిందో రాస్తే, నీ పేరా వ్యాసమవుతుంది.

అన్నిసార్లూ కథకు యాభై ఏళ్లు పట్టదు. ఒక్కోసారి కథ ముందే పుట్టి, మనిషి దాని వెనక నడుస్తాడు. బఫెలో బిల్ కోడీ గురించి నువ్వు రెండు వాక్యాలతో సరిపెట్టావు. అతను 1872 నుంచే రంగస్థలం మీద తన పాత్ర తానే వేస్తున్నాడు. చలికాలం నాటకాలు, మిగతా కాలం సైన్యానికి దారి చూపే పని. 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ నది దగ్గర, లకోటా, షయాన్ తెగల మూలవాసుల చేతిలో సైన్యాధికారి కస్టర్ దళం తుడిచిపెట్టుకుపోయింది. మూడు వారాల తర్వాత, జులై 17 ఉదయం, నెబ్రాస్కాలో ఒక వాగు దగ్గర కోడీ ఎల్లో హెయిర్ అనే షయాన్ యోధుణ్ని చంపి, తల మీది చర్మాన్ని జుట్టుతో సహా కోసి తీశాడు. ఆ ఉదయం అతని ఒంటి మీద ఉన్నది నాటకాల దుస్తులు. నల్ల మఖమలు, ఎర్రటి అలంకరణ. కొద్ది నెలలు తిరక్కుండానే ఆ చావును నాటకంగా ఆడించాడు. యుద్ధానికి వేషం కట్టుకుని వెళ్లిన మనిషి, తిరిగొచ్చి ఆ యుద్ధాన్నే వేషంగా ఆడాడు. ఇక్కడ నిజం ఎక్కడ ఆగింది, కథ ఎక్కడ మొదలైంది? ఈ ఒక్క ఉదయం మీద రెండు పేజీలు రాయి. నీ పది పేరాలూ చెప్పలేనిది అది చెబుతుంది.

ఆ దారినే ఇంకొంచెం ముందుకు వెళ్లు. 1883లో కోడీ తన వైల్డ్ వెస్ట్ ప్రదర్శన మొదలుపెట్టాడు. 1885లో లకోటాల నాయకుడు సిటింగ్ బుల్ అందులో ఒక సీజను పాల్గొన్నాడు. 1890 డిసెంబరు 15న అరెస్టు చేయడానికి వచ్చిన పోలీసుల చేతుల్లో ఆయన చనిపోయాడు. ఆ డిసెంబరు 29న వూండెడ్ నీ దగ్గర సైన్యం లకోటాలను ఊచకోత కోసింది, ఆడవాళ్లనూ పిల్లలనూ కూడా. సైన్యం ఫోర్ట్ షెరిడాన్‌లో బంధించిన లకోటాల్లో కొందరు 1891లో కోడీ వెంట యూరప్ ప్రదర్శనలకు వెళ్లారు. నిర్బంధంలో ఉండటమా, పరాయి దేశాల్లో జనం ముందు గుర్రాల మీద తిరగడమా అన్నది వాళ్ల ముందున్న దారి. ఇది రాసేటప్పుడు విశేషణాలు వాడకు. తేదీలు వరసగా పెట్టు, చాలు.

ఈ మూలవాసులను నువ్వు ఇండియన్లు అన్నావు, ఒకచోట రెడ్ ఇండియన్లు అని కూడా రాశావు. మన పాఠ్యపుస్తకాల అలవాటు అది, నీ తప్పు కాదు. కానీ తెలుగు పాఠకుడికి ఇండియన్ అంటే తనే. లకోటా, షయాన్, అపాచీ అని ఎవరి పేరుతో వాళ్లను పిలువు. వాళ్ల కథ ముగిసిపోయినట్టు భూతకాలంలో పెట్టి వదిలేయకు. 1868 ఒప్పందంలో లకోటాలకు రాసిచ్చిన బ్లాక్ హిల్స్ కొండలను, బంగారం బయటపడగానే లాక్కున్నందుకు పరిహారం చెల్లించాలని 1980లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మాకు డబ్బు వద్దు, మా కొండలు మాకివ్వండి అన్నారు వాళ్లు. ఆ డబ్బు ఇప్పటికీ తీసుకోలేదు.

కౌబాయ్‌ల భాగం బాగుంది, పెద్దగా ముట్టుకోవద్దు. నలుగురిలో ఒకరు నల్లజాతివారన్నది చరిత్రకారుల అంచనా, లెక్క కాదు. ఆ మాట చేర్చు. రాంచ్, రోడియో, లాసో అన్నీ స్పానిష్ నుంచి వచ్చిన మాటలే కనుక, మెక్సికో పశువుల కాపరుల దగ్గరే ఈ విద్య నేర్చుకున్నారన్న సంగతి ఇంకాస్త గట్టిగా చెప్పొచ్చు. గత ఏడాది మా అబ్బాయి ఇంటికి వచ్చినప్పుడు మీ పక్క ఊరు ఫోర్ట్ వర్త్‌లో స్టాక్‌యార్డ్స్ అనే పాత పశువుల సంతకు వెళ్లాను. ఓ పదిహేను ఇరవై పొడుగు కొమ్ముల ఎడ్లు ఇటుకలు పరిచిన వీధిలో నిదానంగా నడిచి వెళ్లాయి. కొమ్ములు ఒకదానికొకటి తగిలి టకటకమన్నాయి. జనం ఫోన్లు పైకెత్తారు. రోజుకు రెండుసార్లు ఇదే. టెక్సస్ నుంచి కాన్సస్ రైలు దాకా రెండు మూడు వేల పశువులను, నెలకు 30, 40 డాలర్ల జీతానికి తోలుకెళ్లిన ఆ కాలం నిలిచింది మహా అయితే ఇరవై ఏళ్లు. 1874లో ముళ్లతీగకు పేటెంటు వచ్చి బయళ్లకు కంచెలు పడ్డాయి, 1886-87 చలికాలం మందలను మింగేసింది. 1971లో కృష్ణ గారు కౌబాయ్ టోపీ పెట్టుకుని గుర్రమెక్కినప్పుడు మా తరం కుర్రాళ్లకు తెలిసిన పడమటి సీమ మాత్రం ఇటలీవాళ్లు స్పెయిన్ ఎడారిలో తీసి, మనవాళ్లు రాజస్థాన్ ఇసుకలో మళ్లీ తీసినది. కథ చేసిన ఆ ప్రయాణం తెలుగులో రాయడానికి నీకన్నా తగినవాళ్లెవరు?

చివరిది, ముఖ్యమైనది. 1869 మే 10న యూటాలో ప్రామొంటరీ దగ్గర, తూర్పు నుంచీ పడమటి నుంచీ వచ్చిన రెండు రైలు మార్గాలు కలిసిన రోజు గురించి రాస్తూ, "ఆనాటి ఫొటోల్లో చైనా కూలీలు ఒక్కరూ లేరు" అన్నావు. రెండు ఇంజన్లు ఎదురెదురుగా నిలిచిన ఆ ప్రసిద్ధమైన ఫొటో చూసి అలా అనుకోవడం సహజం. కానీ అది తీసిన రస్సెల్ అదే రోజు ఇంకో ఫొటో తీశాడు. చివరి పట్టా వేస్తున్న చైనా కార్మికులు అందులో ఉన్నారు. లోకం ఒక ఫొటోను అచ్చు వేసుకుంది, రెండోదాన్ని వదిలేసింది. నీ వాక్యం సదుద్దేశంతో రాసిందే. అయినా అది పాత కథ స్థానంలో కొత్త కథను నిలబెడుతుంది. మనం కోరుకున్న వైపు ఉన్న మాటను మరింత గట్టిగా పరీక్షించాలి. 1867 జూన్‌లో తెల్లవాళ్లతో సమాన వేతనం కావాలని సియర్రా కొండల్లో వేలమంది చైనా కార్మికులు పని ఆపేస్తే, రైలు కంపెనీ వాళ్లకు తిండి రాకుండా చేసి వారం రోజుల్లో సమ్మెను విరిచింది. 1882లో చైనా కార్మికులు దేశంలోకి రాకుండా చట్టమే వచ్చింది. చెప్పాల్సిన అన్యాయం ఇంత ఉండగా, లేనిది చేర్చడం ఎందుకు?

ఆ పేరా తీసేసి దీనితో మొదలుపెట్టు. 1919లో, ఆ రైలు మార్గాలు కలిసిన యాభయ్యో వార్షికోత్సవానికి యూటాలోని ఆగ్డెన్ ఊళ్లో ఊరేగింపు జరిగింది. నాడు చివరి పట్టా మోసిన చైనా కార్మికుల్లో ముగ్గురు, అప్పటికి ముసలివాళ్లు, అందులో పాల్గొన్నారు. గింగ్ కుయ్, వాంగ్ ఫూక్, లీ షావ్. వాళ్ల ఫొటో కూడా ఉంది. దాన్ని ముందు పెట్టుకుని కూర్చో. ముఖాలు చూడు, బట్టలు చూడు, ఎవరు ఎటు చూస్తున్నారో చూడు. కనిపించింది కనిపించినట్టు ఒక పేజీ రాసి, మిగతా వ్యాసం కన్నా ముందు అది నాకు పంపు.

ఎదురుచూస్తూ,
నీ మాస్టారు